తెగిన స్టడ్ సంగతి తర్వాత, ముందు తెగని నట్టు చూడండి

ప్రశ్న: బైక్ స్టార్ట్ చేస్తే ఇంజిన్ హెడ్ దగ్గర పొగ కొడుతోంది. గాస్కెట్ మారుద్దామని సైలెన్సర్ బెండ్ పైపు విప్పడానికి కూర్చున్నాను. హెడ్‌కి దాన్ని పట్టి ఉంచే నట్లు రెండే. మొదటిది కదలకపోతే పానాకు ఇనుప పైపు తగిలించి లాగాను. టప్‌మని స్టడ్ (హెడ్‌లో దిగి ఉండే, నట్టు ఎక్కే మర కడ్డీ) తెగింది. నట్టు, దాంట్లో ఇరుక్కున్న కొస ముక్క చేతికొచ్చాయి. మిగతాది ఫ్లాంజ్ (పైపు కొసన హెడ్‌కు ఆనే పట్టీ) రంధ్రంలో కనిపిస్తోంది. స్టడ్ 8 ఎం.ఎం., హెడ్ అల్యూమినియంది. రెండో నట్టు ఇంకా ముట్టుకోలేదు. తెగిన ముక్కను తిప్పి తీసే ఈజీ-అవుట్ సెట్ కొందామనుకుంటున్నాను, ఫ్రెండేమో నేరుగా డ్రిల్ చేసేయమంటున్నాడు. హెడ్ పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? ఈలోపు ఒక్క నట్టు మీదే బండి నడపొచ్చా?

సమాధానం: ఈజీ-అవుట్ కొనకండి. ఆ పనిముట్టు చెడ్డదని కాదు, మీ పనికి అది పనికిరాదు.

అసలు స్టడ్ ఎందుకు తెగిందో ఒకసారి చూడండి. మీరు లాగినప్పుడు నట్టు స్టడ్ మీద తిరగలేదు. పోనీ నట్టుతో పాటు స్టడ్ అయినా హెడ్‌లోంచి తిరిగి బయటికి రావాలి కదా, అదీ జరగలేదు. రెండు వైపులా కదలక మధ్యలో తెగింది. అంటే హెడ్‌లో దాని పట్టు ఆ స్టడ్ బలం కంటే ఎక్కువగా ఉందన్నమాట. ఈజీ-అవుట్ వాడాలంటే స్టడ్ మధ్యలో 4 ఎం.ఎం. దాకా రంధ్రం చేసి, అంత సన్నటి ముక్కను అందులో దించి తిప్పాలి. మెలి తిప్పే బలాన్ని తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈజీ-అవుట్ ఉక్కు మామూలు స్టడ్ కంటే గట్టిదే, కానీ ఆ తేడా పూడ్చేంత కాదు. పైగా గట్టిదనం వల్లే పెళుసు కూడా. 8 ఎం.ఎం. స్టడ్డే తెగిన చోట ఇది తిప్పుతుందని ఎలా అనుకుంటాం?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈజీ-అవుట్ కొస సన్నగా, పైకి పోనుపోను లావుగా ఉంటుంది. దాన్ని లోపలికి దించేకొద్దీ స్టడ్ గోడలను బయటికి నెట్టి హెడ్ మరలకు ఇంకా గట్టిగా అదుముతుంది. అసలే పట్టేసిన దాన్ని మరింత బిగించినట్టు. చివరికి అదే లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారిపోతుందే తప్ప కోయదు. కార్బైడ్ బిట్‌తో నలగ్గొట్టాలి, లేదా హెడ్ విప్పి, కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే స్పార్క్ ఎరోజన్ మిషన్ ఉన్న చోటికి పట్టుకెళ్ళాలి. తుప్పు లేకుండా, కేవలం ఎక్కువ బిగించడం వల్ల తల ఊడిన బోల్టుకైతే ఈజీ-అవుట్ హాయిగా పనిచేస్తుంది. మీది ఆ కేసు కాదు.

ఇక మంచి మాట. మీ స్టడ్ తెగింది నట్టు దగ్గర, హెడ్ అంచున కాదు. ఫ్లాంజ్ రంధ్రంలో మీకు కనిపిస్తున్నది దాని కొస మాత్రమే. బెండ్ పైపు ఊడదీస్తే ఫ్లాంజ్ మందం ఎంత ఉందో దాదాపు అంత ముక్క బయటపడుతుంది. పట్టుకుని తిప్పడానికి అది చాలా పెద్ద ఆసరా. కానీ పైపు ఊడాలంటే రెండో నట్టు రావాలి. అది కూడా మొదటి దానిలాగే పోతే చేతిలో రెండు తెగిన స్టడ్లు ఉంటాయి. అందుకే ఇప్పుడు మీ ధ్యాసంతా ఆ రెండో నట్టు మీద పెట్టండి. తెగిన దానికి తొందరేమీ లేదు, అది ఎక్కడికీ పోదు.

రెండో నట్టు ముందు స్టడ్ కొస కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది చూడండి. ఎర్రగా గరగరలాడే తుప్పు ఉంటుంది దాని మీద. చాలామంది వదిలేసేది ఆ ముక్కనే. నట్టు బయటికి రావాలంటే ఆ మరల మీదుగానే రావాలి. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉన్న చోటు చాలక ఉబ్బుతుంది, అసలు లోహానికి రెట్టింపుకు పైగా స్థలం తీసుకుంటుంది. లోపల కష్టపడి కదిలించిన నట్టు బయటి తుప్పు మరల దగ్గర మళ్ళీ ఇరుక్కుని స్టడ్‌ను తెంపేస్తుంది. కాబట్టి పానా పట్టకముందే వైర్ బ్రష్‌తో ఆ కొసను మరల గాళ్ళు స్పష్టంగా కనిపించేదాకా రుద్దండి. గాళ్ళలో మిగిలిన పొడిని సన్నటి మొనతో గీకి తీసేయండి.

తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి పాకే పల్చటి నూనె) కొట్టండి. ఒకసారి కొట్టి వెంటనే పానా వేస్తే ప్రయోజనం ఉండదు. సాయంత్రం కొట్టి, పడుకునే ముందు మళ్ళీ కొట్టి, తెల్లారి ఇంకోసారి కొట్టండి. మధ్యలో చిన్న సుత్తితో నట్టు పక్కల మీద టకటక తట్టండి. బలంగా కాదు, తుప్పు పొరలో పగుళ్ళు పడి నూనె లోపలికి దారి చేసుకునేంత చాలు. కొందరు అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సమంగా కలిపి వాడతారు. అది బాగానే పనిచేస్తుంది కానీ అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పెయింటునూ ప్లాస్టిక్‌నూ తినేస్తుంది. డబ్బాలో దొరికేదే మీకు మంచిది.

నూనెతో కదలకపోతే వేడి. ఇక్కడ వేడి చేయాల్సింది నట్టును, స్టడ్‌ను కాదు. చిన్న గ్యాస్ టార్చ్ మంటను నట్టు పక్క ముఖాల మీద ఆడించండి. నట్టు ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి స్టడ్ ఇంకా అంత వేడెక్కి ఉండదు, ఆ తేడాలో తుప్పు పొర పగులుతుంది. మంట తీసేశాక వేడి నట్టుకు కొవ్వొత్తి తగిలించండి. మైనం కరిగి మరల సందుల్లోకి దానంతటదే పాకుతుంది. ఈ పాత చిట్కా మీద నాకు నమ్మకం ఎక్కువ. మైనం పొగ వస్తుంది, భయపడకండి, మంట అంటుకునేంత వేడి మాత్రం చేయకండి.

టార్చ్ వెలిగించే ముందే పెట్రోల్ ట్యాంక్ విప్పి దూరంగా పెట్టండి. పెట్రోల్ పైపు కొస మూయండి. చుట్టూ వైర్లు, రబ్బరు పైపులు ఉంటే పక్కకు జరిపి తడిగుడ్డ కప్పండి. నూనె కొట్టిన చోట మంట పెట్టాలంటే ముందు శుభ్రంగా తుడవాలి. ఆ తుడవడానికి బ్రేక్ క్లీనర్ మాత్రం వాడొద్దు. కొన్ని రకాల బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి. అవి మంటకో వెల్డింగ్ ఆర్క్‌కో తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. ప్రాణం తీసే విషవాయువు అది. పొడిగుడ్డ చాలు.

ఇప్పుడు పానా. డబుల్ ఎండ్ పానా వద్దు, పన్నెండు మూలల రింగ్ కూడా వద్దు. ఆరు మూలల సాకెట్ పూర్తిగా నట్టు మీద కూర్చోబెట్టండి. మొదటి కదలిక విప్పే వైపు కాదు, బిగించే వైపు. వెంట్రుకవాసి కదిలితే చాలు, ఆ కొంచెమే తుప్పు పట్టును విడగొడుతుంది. తర్వాత విప్పే వైపు కొంచెం, వెనక్కి ఇంకొంచెం, నూనె చుక్క, మళ్ళీ ముందుకు. పైపు తగిలించి ఒకే ఊపున లాగడం కంటే పానా పిడి మీద అరచేత్తో చిన్న చిన్న దెబ్బలు వేయడం మంచిది.

చేతికి తెలిసే తేడా ఒకటుంది, దాన్ని పట్టుకోగలిగితే స్టడ్‌లు తెగవు. నట్టు విడివడేటప్పుడు చిన్నగా "టక్" లేదా "కీచ్" అని వినిపిస్తుంది, ఆ వెంటనే పట్టు తేలికవుతుంది. అలా కాకుండా పానా కదులుతోంది కానీ బలం తగ్గకుండా రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే, అక్కడ తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్ మెలి తిరుగుతోంది. అప్పుడే ఆపేయాలి. ఇంకో పావు చుట్టు తిప్పితే తెగుతుంది. అనుమానంగా ఉంటే నట్టు మీదా, స్టడ్ కొస మీదా చాక్‌పీస్‌తో ఒకే వరసలో గీత గీయండి. రెండు గీతలూ కలిసి తిరుగుతుంటే స్టడ్ హెడ్‌లోంచి వస్తోందా, మెలి తిరుగుతోందా అని చూడాలి. పానా వదిలేస్తే గీతలు వెనక్కి వచ్చేస్తే అది మెలే. ఉన్నచోటే నిలిచినా బలం తగ్గకపోతే అదీ మెలే. పట్టు తేలికై ఉన్నచోటే నిలిస్తే మాత్రం స్టడ్ హెడ్‌లోంచి మొత్తంగా వస్తోంది. అదృష్టమే, అలాగే వచ్చేయనివ్వండి.

మెత్తగా సాగుతోందని తెలిశాక నట్టును బతికించాలని చూడకండి. నట్టు పోతే కొత్తది వేసుకోవచ్చు, మనకు కావాల్సింది స్టడ్. నట్టు ఒక ముఖాన్ని ఆకురాయితోనో చిన్న గ్రైండర్‌తోనో మరలు కాస్త కనపడబోతున్నాయనేదాకా అరగదీయండి. తర్వాత ఆ పల్చటి గోడ మీద ఉలి పెట్టి ఒక దెబ్బ వేస్తే పగిలి వదులవుతుంది. చోటు ఉంటే నట్టును చీల్చే పనిముట్టు, నట్ స్ప్లిట్టర్, ఇంకా సుఖం. కళ్ళద్దాలు మర్చిపోవద్దు, ఉలి కింద పగిలిన నట్టు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

రెండో నట్టు వచ్చింది, పైపు ఊడింది, తెగిన ముక్క బయటికి కనిపిస్తోంది అనుకుందాం.

ఇక్కడి పట్టు వేరే రకం. ఉక్కు స్టడ్ అల్యూమినియంలో ఉంది. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి బూజులాంటి పొడి మరల నిండా గట్టిపడుతుంది. దానికి నూనె కంటే వేడి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి ఈసారి మంట స్టడ్ మీద కాదు, దాని చుట్టూ హెడ్ మీద. నీటి చుక్క వేస్తే చుర్రుమని ఎగిరిపోయే వేడి చాలు. హాట్ ఎయిర్ గన్ ఉంటే టార్చ్ కంటే అదే మేలు. ఒక్క జాగ్రత్త: అల్యూమినియం కరిగే ముందు ఇనుములా ఎర్రబడదు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, హెడ్‌లో వాడే మిశ్రమాలు అంతకంటే ముందే. రంగు మారితే ఆపుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. మంటను ఒకే చోట నిలపకండి.

వేడి మీద ఉండగానే తిప్పాలి. మరలు బాగుంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి ఎదురు బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పడం పాత పద్ధతి. కానీ 8 ఎం.ఎం. నట్లు రెండు పట్టాలంటే 13 ఎం.ఎం. పైనే కావాలి, మీకు అంత దొరకకపోవచ్చు. అప్పుడు ముక్కకు రెండు ఎదురెదురు పక్కలా ఆకురాయితో చదును చేసి వైస్ గ్రిప్ (బిగించాక వదలకుండా పట్టే పట్టకారు) గట్టిగా పట్టించండి. గుండ్రటి దాని మీద వైస్ గ్రిప్ జారి అంచులు తినేస్తుంది, చదును మీద జారదు. ఇక్కడ కూడా ముందుకు, వెనక్కి. మెత్తగా సాగితే ఆపి మళ్ళీ వేడి చేయండి. వేడి, చల్లార్పు ఎన్నిసార్లు జరిగితే పట్టు అంత వదులవుతుంది.

దీనికీ లొంగకపోతే, లేదా ముక్క ఇంకా చిన్నదైపోతే, వెల్డింగ్ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. అసలైన మందు అదేనని నా అభిప్రాయం. ముక్క మీద కాస్త పెద్ద సైజు నట్టు పెట్టి, దాని రంధ్రంలోంచి స్టడ్‌కు వెల్డ్ నింపుతారు. ముక్క హెడ్‌తో సమానంగా తెగినా ఈ పని చేయొచ్చు. ఉక్కు వెల్డ్ అల్యూమినియానికి అంటదు కాబట్టి హెడ్ మరలకు ఆ భయం తక్కువ. దీని గొప్పతనం పట్టుకోవడానికి తల దొరకడమే కాదు. ఆ విపరీతమైన వేడి స్టడ్ లోపలి నుంచే పుట్టి, అది చల్లారి కుంచించుకునేటప్పుడు మరల పట్టు విరుగుతుంది. వెల్డ్ చేయగానే పానా వేయొద్దని చెప్పండి. ఎరుపు పోయి, ఒకటి రెండు నిమిషాలు ఆరాక మెల్లగా తిప్పాలి. మొదటిసారి నట్టు ఊడొస్తే నిరుత్సాహపడకండి, రెండోసారో మూడోసారో రావడం మామూలే. జింక్ పూత ఉన్న నట్టు ఇవ్వకండి, ఆ పొగ పీలిస్తే జ్వరం తగులుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి, ఇంజెక్షన్ బండి అయితే ఇ.సి.యు. (ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టర్ కూడా. ఎర్త్ క్లాంప్‌ను వెల్డ్‌కు దగ్గరగా హెడ్ మీదే పెట్టించండి.

మీ ఫ్రెండ్ చెప్పిన డ్రిల్లింగ్ ఇవన్నీ అయ్యాకే. ఎందుకంటే డ్రిల్ చేసిన ముక్క బోలుగా మారి బలం పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత వైస్ గ్రిప్‌కు గానీ వెల్డ్‌కు గానీ అది సరిగ్గా పనికిరాదు. పైన చెప్పినవి చేసి ఓడిపోయినా డ్రిల్లింగ్ దారి తెరిచే ఉంటుంది.

తప్పనిసరై డ్రిల్ చేస్తే కష్టమంతా మధ్యలో మొదలుపెట్టడంలోనే. తెగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాన్ని ముందు చదును చేసి నడిమధ్యన పంచ్ కొట్టండి. పంచ్ గుర్తు పక్కకు పడితే దాన్ని ఏటవాలు దెబ్బతో మధ్యకు లాగండి, అంతేగానీ పర్లేదులే అని బిట్ పెట్టొద్దు. బిట్ ఎప్పుడూ మెత్తటి వైపుకే జారుతుంది, మీ దగ్గర మెత్తనిది హెడ్. 3 ఎం.ఎం.తో మొదలుపెట్టి, నూనె చుక్కలు వేస్తూ, నెమ్మదిగా, నిటారుగా. దొరికితే ఎడమ చేతి వాటం బిట్ తెచ్చుకుని మిషన్‌ను రివర్స్‌లో నడపండి. అది కోస్తూ కోస్తూ మధ్యలో పట్టేసి ముక్కను దానంతటదే బయటికి తిప్పి పడేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. మామూలు ముతక మరల 8 ఎం.ఎం. స్టడ్‌కు ట్యాప్ డ్రిల్ (ట్యాప్‌తో మర కోసే ముందు వేసే రంధ్రం) 6.8 ఎం.ఎం. అందుకే 6.5 దగ్గర ఆగితే పల్చటి గుల్ల మిగులుతుంది, దాన్ని మొనతో లోపలికి మడిచి పీకి, ట్యాప్‌తో మరలు శుభ్రం చేసుకోవచ్చు. ఎంత లోతు పోవాలో ముందే తెలుసుకోండి. రెండో స్టడ్ హెడ్‌లోంచి వచ్చి ఉంటే లోపల ఉన్న పొడవు కొలిచి బిట్ మీద టేప్ చుట్టండి. అది దాటితే పొగ బయటికి వెళ్ళే పోర్ట్‌లోకో, నీళ్ళతో చల్లబడే ఇంజిన్ అయితే నీటి దారిలోకో రంధ్రం పడుతుంది.

మరలు పాడైనా హెడ్ పారేయనక్కర్లేదు. హెలికాయిల్ అనే స్ప్రింగ్ లాంటి ఉక్కు మర వేస్తారు, అల్యూమినియంలో అది అసలు మర కంటే గట్టిగానే ఉంటుంది. టెన్షన్ పడాల్సింది రంధ్రం వంకరగా పోయినప్పుడే. మీకు డ్రిల్లింగ్ అలవాటు లేకపోతే ఈ ఒక్క మెట్టు లేత్ షాపుకు వదిలేయండి, హెడ్ విప్పి ఇవ్వాల్సి వచ్చినా సరే.

పక్కదారి మాట ఒకటి. హెడ్ విప్పి పనివాళ్ళకు ఇచ్చే పరిస్థితే వస్తే, పటిక కలిపిన వేడి నీళ్ళ సంగతి కూడా వాళ్ళకు గుర్తు చేయండి. అల్యూమినియంలోనో ఇత్తడిలోనో విరిగిన ఉక్కు ముక్కను పటిక ద్రావణం మెల్లగా కరిగించేస్తుంది, చుట్టూ ఉన్న లోహాన్ని పెద్దగా ముట్టుకోదు. గడియారాల పనివాళ్ళు విరిగిన చిన్న స్క్రూలకు వాడే కిటుకు ఇది. 8 ఎం.ఎం. స్టడ్‌కైతే ఓపిక చాలా కావాలి, విరిగిన ఈజీ-అవుట్ లాంటి ముక్కలకు మాత్రం ఆలోచించదగ్గదే.

కొత్తవి వేసేటప్పుడు రెండు స్టడ్లూ మార్చండి. తెగనిది కూడా అంతే వేడిని, అంతే తుప్పును చూసింది. మరలకు యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా రాసే లోహపు పొడి గ్రీజు) పల్చగా రాయండి, సైలెన్సర్ వేడికి నికెల్ ఉన్న రకం బాగా తట్టుకుంటుంది. నట్లు ఇత్తడివి దొరికితే అవే వేయండి, ఉక్కు స్టడ్ మీద అవి తుప్పుతో అతుక్కోవు. యాంటీ-సీజ్ రాసిన మర జారుతుంది కాబట్టి అదే బిగింపుకు స్టడ్ మీద లాగుడు ఎక్కువ పడుతుంది. మాన్యువల్‌లో టార్క్ పొడి మరలకు ఇచ్చి ఉంటే దానికంటే కాస్త తక్కువే బిగించండి. ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోది మొదలుపెట్టకుండా, మార్చి మార్చి కొంచెం కొంచెం బిగిస్తే ఫ్లాంజ్ వంకర పోదు. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడండి, కొత్త గాస్కెట్ అణిగి నట్లు కొద్దిగా వదులవుతాయి.

ఒక్క నట్టు మీద నడపొచ్చా అన్నారు. దగ్గర్లో ఉన్న షెడ్డుకో వెల్డింగ్ చోటుకో మెల్లగా తీసుకెళ్ళడానికైతే ఫర్వాలేదు, రోజూ తిరగడానికి వద్దు. నట్టు లేని వైపు ఫ్లాంజ్ లేచి వేడి గ్యాస్ ఆ సందులోంచి కొడుతుంది, గాస్కెట్‌తో పాటు హెడ్ ముఖం కూడా కాలుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండి అయితే ఆ సందులోంచి దూరే గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుని ఎక్కువ పోస్తుంది. పైపు బరువు, అదురు అంతా ఒక్క స్టడ్ మీదే పడుతుంది, అది కూడా మొదటి దానంత పాతదే.